పోలమ్మను భయపెట్టిన ఇంగ్లీషు మాట

డెబ్భైల మొదట్లో నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఆడవాళ్ల వార్డు నర్సును. అబర్డీన్ బజార్ నుంచి ఎత్తెక్కి వస్తే మా ఆసుపత్రి. రేకుల మీద వాన పడుతుంటే పక్క మంచం మీది మాట కూడా వినపడేది కాదు. వార్డంతా హిందీయే. అందులో ఎవరైనా మన యాసలో మూలిగితే చాలు, చేతిలో పని వదిలి అటు నడిచేదాన్ని.

పోలమ్మ అలాగే పరిచయమైంది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి ఇల్లాలు. కుడివైపు వీపు మీద మొదలైన నీటి పొక్కులు పక్కటెముకల వెంట ముందుకు పాకాయి. జ్వరం, ఒళ్లంతా మంట. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు, మనవాళ్లు సర్పి అంటారు. అది ఒంటిని చుట్టి, తలా తోకా కలిస్తే మనిషి దక్కదని మన పల్లెల్లో గట్టి నమ్మకం.

రౌండ్స్‌కు వచ్చిన బెంగాలీ డాక్టరు గారికి ఆమె భయం చెప్పాను. ఆయన చూసి, "ఇట్ విల్ నాట్ ఎన్‌సర్కిల్ హర్" అని పక్క మంచానికి వెళ్లారు.

సాయంత్రానికి పోలమ్మ గంజి ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. రౌండ్స్ అప్పుడు మంచం పక్కనే నిలబడ్డ ఆమె భర్త ఎర్రయ్య నా దగ్గరకొచ్చాడు.

"దీదీ, పేరు కొట్టీయండి. జహాజ్ ఎక్కించి ఊరు తీసుకుపోతాను. పోయేదేదో అమ్మగారింటి కాడే పోతాది."

ఆ జ్వరంతో ఓడ ప్రయాణం ఆమె తట్టుకోలేదు.

"పోతుందని ఎవరన్నారు?"

"డాక్టర్ సాబే అన్నాడు కదా, ఎన్‌సర్కిల్ అని. ఆ మాట నాకు తెల్దేటి? ఫిషరీసోలు కొత్త వల నేర్పినప్పుడు అదే మాట. సేపల మందని సుట్టూ మూసీడం. కొసలు రెండూ కలిసినాక ఒక్క సేప బయటికి రాదు."

అతను చెప్పిన అర్థంలో తప్పు లేదు.

"నిజమే అన్నా. కొసలు కలిస్తేనే ఎన్‌సర్కిల్. కానీ డాక్టరు గారు దాని ముందు నాట్ అన్నారు. ఇది చుట్టుకోదు అని."

"మమ్మల్ని ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు."

డాక్టరు గారిని మళ్లీ పిలుచుకొచ్చాను. తెర లాగి, ఆయన చెప్పినట్టే పోలమ్మ వెన్ను మధ్యగా ఒక గీత, ముందువైపు నడిమధ్యగా ఒక గీత సిరాతో గీశాను. "యే లకీర్ పార్ నహీ కరేగా" అన్నారాయన. ఈ గీత దాటదని. ఆ రోగం ఒక నరం వెంటే పాకుతుందట. కుడివైపు నరం కుడివైపే ఆగిపోతుందట.

పోలమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "దాటితేనో?"

"దాటితే నిన్ను నేనే జహాజ్ ఎక్కిస్తాను."

ఆమె భర్తతో అంది: "ఈ జహాజ్ పోనీ. సూద్దాం."

ఎర్రయ్య రోజూ పడవ దిగి ఉప్పునీటి బట్టలతోనే వచ్చి, మొదట గీత చూసి తర్వాతే ఆమె ముఖం చూసేవాడు. గీత చెరిగిపోతే నేను మళ్లీ దిద్దేదాన్ని. పొక్కులు ముందువైపు గీత అంచుదాకా వచ్చాయి. మర్నాడు చూస్తే అక్కడే ఆగి, మాడడం మొదలుపెట్టాయి. పోలమ్మ గంజి అడిగింది. నంజుకోను ఎండుచేప కూడా కావాలంది.

తర్వాత నాకో అలవాటైంది. డాక్టరు వెళ్లిపోయాక మంచం దగ్గరే ఆగి, "ఆయన చెప్పింది నీకేమని వినపడింది?" అని అడిగేదాన్ని. మందులు ఇవ్వడం నాకు శిక్షణలో నేర్పారు. ఈ ప్రశ్న అడగడం మాత్రం ఆ జాలరి దంపతుల దగ్గరే నేర్చుకున్నాను.