దొప్పలు పెట్టుకున్న మామ

మా మామ రామసుబ్బయ్య చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఇక మెల్లగా మాట్లాడటం మరిచిపోతాడు. తీసేసినప్పుడు ఎలా మాట్లాడతాడో నాకు చాన్నాళ్లు తెలియదు. ఎందుకంటే ఆయన వాటిని తీసేది స్నానానికీ, పూజకూ, నిద్రకూ మాత్రమే. ఆ మూడు వేళల్లోనూ ఆయన ఎవరితోనూ మాట్లాడడు. మిగతా పొద్దంతా కల్లూరులో మా వీధి మొత్తానికీ వినపడేటట్టు మాట్లాడతాడు.

వీధిలోకి కొత్తగా దిగినవాళ్లు మొదట మా ఇంట్లో ఏదో కొట్లాట జరుగుతోందనుకుంటారు. "యాడికి పోతాండావురా, దారి చూసుకో" అని ఒక గొంతు. ఎవరూ బదులు చెప్పరు. మళ్లీ అదే గొంతు. పాపం ఆ తిట్లు తినేదెవరో అని ఇద్దరు ముగ్గురు వచ్చి గేటు దగ్గర తొంగిచూస్తారు. లోపల అరవై దాటిన పెద్దమనిషి, పంచె మోకాళ్ల పైకి లాక్కుని, చేతిలో వీడియో గేమ్ రిమోట్ పట్టుకుని, టీవీలో కారు నడుపుతూ ఉంటాడు. షేర్ ఆటోవాళ్లయితే మా ఇంటిని ఒక స్టాపు చేసేశారు. అరుపుల మామ ఇల్లు అంటే చాలు, దింపుతారు.

అసలు ఈ గేమ్ పెట్టె మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మాది అంగడి ఇల్లు. రంగులు, పైపులు, సిమెంటు అమ్ముతాం. ఏడాదిలో ఇంత సరుకు ఎత్తితే ఇది బహుమతి అని కంపెనీలు స్కీములు పెడతాయి. అందుకని మా ఇంట్లో కొన్న వస్తువు ఒక్కటి కనపడదు. గోడ గడియారం పుట్టీ కంపెనీది. కుక్కర్ సిమెంటు కంపెనీది. నా పెళ్లికి ఈ అత్తింటివాళ్లు పెట్టిన సూట్‌కేసు మీద కూడా నీళ్ల ట్యాంకు బొమ్మ ఉంది. ఆ బొమ్మ చూసి మా అమ్మ మహాదేవమ్మ వారం రోజులు నిద్రపోలేదు.

స్కీములో వచ్చిన వస్తువును వాడకుండా మూల పడేస్తే లక్ష్మీదేవిని వాకిట్లో నిలబెట్టినట్టే అని మా మామ నమ్మకం. పోయిన ఏడాది రంగుల కంపెనీ వీడియో గేమ్ పెట్టె ఇచ్చింది. ఇంట్లో పిల్లలు లేరు. మా ఆయన ప్రదీప్‌కుమార్‌కు అంగడితోనే సరిపోతుంది. అంగడి కొడుక్కు అప్పజెప్పి, ఏం తోచక, ఏరిన కందిపప్పునే మళ్లీ ఏరుతూ అత్తమ్మతో తిట్లు తింటున్న మామ ఆ బరువు తన నెత్తిన వేసుకున్నాడు.

జన్మలో మోపెడ్ తప్ప ఇంకేదీ నడపని మనిషి. రేసులో కూడా అలాగే నడిపేవాడు. వెనక కారు వస్తే పక్కకు తీసి దారి ఇస్తాడు. అది పందెం మామా, దారి ఇవ్వకూడదు అంటే, పాపం వాళ్లకేం అవసరం ఉందో, మనకేం తొందర అంటాడు. ఈ లెక్కన ఆయన ఒక్క రేసులో కూడా గెలవలేదు. గెలవాలన్న ఆశ కూడా ఆయనకు ఉన్నట్టు లేదు.

మొదట్లో చప్పుడు కోసం టైల్స్ కంపెనీ స్కీములో వచ్చిన వైర్‌లెస్ స్పీకరు బయటికి తీశాడు. బిందెంత ఉంటుంది. పక్కింటి రాహేలమ్మ కొడుకు యేసుప్రసాద్‌కు వీధి మొదట్లో సెల్ షాపుంది. అతను వచ్చి టీవీకీ స్పీకరుకూ జత కలిపాడు. కానీ వైరు లేని చప్పుడు కదా, బొమ్మ కంటే కొంచెం వెనక వస్తుంది. కారు గోడను గుద్దేది ఇప్పుడు, ధన్ మనేది తర్వాత. ఒకసారి గుద్దితే రెండుసార్లు గుద్దినట్టు లెక్క రాస్తున్నారని మామ కంపెనీ మీద మండిపడ్డాడు. యేసుప్రసాద్ ఎంత చెప్పినా వినలేదు. అంగడి మనిషి, లెక్క దగ్గర ఊరుకోడు.

ఆ మోత భరించలేక మా అత్తమ్మ నాగరత్నమ్మ స్పీకరును హాల్లోంచి గెంటేసింది. వైరు లేనిది యాడైనా పలుకుతుందని మామ దాన్ని తీసుకుపోయి పెరటి గోడ మీద పెట్టాడు. గోడ అవతల రాహేలమ్మ ఇల్లు. ఆ సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. పాస్టరు గారు కళ్లు మూసుకుని, ప్రభువా మాతో మాట్లాడుము అన్నారట. గోడ మీది నుంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చి, ఆ వెంటనే ఇంగ్లీషులో "ఫైనల్ ల్యాప్" అని గంభీరంగా వినపడిందట. ఇద్దరు ముసలమ్మలు ఆమెన్ అన్నారు. ఆఖరి చుట్టు అనేసరికి పాస్టరు గారు ప్రార్థన తొందరగా ముగించారనీ, ఉప్మా చల్లారకుండా తిన్నామనీ రాహేలమ్మ మరుసటి రోజు నవ్వుతూ వచ్చి చెప్పింది. అత్తమ్మకు మాత్రం నవ్వు రాలేదు. స్పీకరు అటక ఎక్కింది.

అప్పుడు దిగాయి పైపుల కంపెనీ హెడ్‌ఫోన్లు. ఒక్కో చెవి మీద ఒక్కో అరిటాకు దొప్ప బోర్లించినట్టు ఉంటాయి. అత్తమ్మ వాటికి దొప్పలు అనే పేరు పెట్టింది. యేసుప్రసాద్ వాటినీ టీవీకి కలిపాడు. ఇక ఇల్లు చల్లబడుతుందని అందరం అనుకున్నాం. టీవీ మూగబోయింది కానీ మామ మొదలుపెట్టాడు. తన చెవుల్లో మోత కాబట్టి లోకమంతా మోతగా ఉందనుకుంటాడేమో, పిల్లికి చెప్పాల్సిన మాట కూడా అరిచే చెప్తాడు. ఇంజను శబ్దం తనే చేస్తాడు. బ్రేకు వేస్తే కీచుమంటాడు. ఆదోని నుంచి వచ్చిన చుట్టాలు కాఫీ తాగుతుండగా అత్తమ్మ చెవి దగ్గర నోరు పెట్టి రహస్యంగా, వీళ్లు రాత్రికి ఉంటారా అని అడిగాడు. ఆ రహస్యం విని వాళ్లు గ్లాసులు అక్కడే పెట్టి బస్సుకు పోయారు.

నేను మాత్రం దొప్పలకు రోజూ దండం పెట్టుకునేదాన్ని. మా ఇంట్లో ఫోను సిగ్నల్ హాలు కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా రాదు. నేను మా అమ్మతో మాట్లాడాలంటే అక్కడే నిలబడాలి. హాలుకు ఆనుకుని వంటిల్లు. వంటింట్లో మా అత్తమ్మ. ఆమె చెవులు మామూలువి కావు. పొయ్యి దగ్గర కూర్చుని వీధిలో పోయే ఆటోలో ఎవరున్నారో చెప్తుంది. నేను అమ్మా అనగానే వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయేది. అలాంటిది మామ చెవులకు దొప్పలు పెట్టుకుని అరవడం మొదలుపెట్టాక నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కనున్న ఆయనకు నా మాట వినపడదు. ఆయన గోలలో అత్తమ్మకూ వినపడదు.

ఇక నా నోటికి అడ్డేముంది. ఆయనకు రెండు బారల దూరంలో నిలబడి అత్తమ్మ మీద, ఉప్పులేని పులుసు మీద, నోరు తెరవని మా ఆయన మీద, ఆఖరికి మామ మీద కూడా చెప్పేదాన్ని. మా ఇంట్లో ఒక డొక్కు బస్సు ఉందమ్మా, పొద్దున స్టార్టు చేస్తే రాత్రికి గాని ఆగదు అనేదాన్ని. డొక్కు బస్సు నా వైపు చూసి నవ్వి గేరు మార్చేది.

అప్పట్లో నాకు అదృష్టం కూడా కలిసొచ్చింది. మా గదిలో ఉడికిపోతున్నామని అమ్మతో అన్నాను. మరుసటి రోజే మామ, ఈ కూలర్ హాల్లో నా కారుకు అడ్డమొస్తాంది అని అరుస్తూ దాన్ని మా గదిలోకి నెట్టాడు. ఇక్కడి మామిడిపండ్లు చప్పగా ఉన్నాయి, మన బనగానపల్లె పండు మీద ప్రాణం కొట్టుకుంటోంది అన్నాను. రెండు రోజులకు గంప దిగింది. ఎవరో మేస్త్రీ ఇచ్చిపోయినాడని మామ వీధికంతా చాటించాడు. మా అమ్మ మహానందిలో మొక్కుకున్న మొక్కు పనిచేస్తోందని నేను గట్టిగా నమ్మాను.

ఇంతలో డోన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. కెమిస్ట్రీ చెప్పేవాళ్లు కావాలట. ఎమ్మెస్సీ చదివి మురుకులు చుడుతూ కూర్చున్న నాకు అది ఎంత పెద్ద సంగతో చెప్పలేను. శుక్రవారం మధ్యాహ్నం ఫోనులోనే ఇంటర్వ్యూ. కానీ అత్తమ్మది ఒకటే మాట. మన ఇంటి ఆడోళ్లు అంగడి గల్లా దగ్గర కూర్చోవచ్చు, ఇంకొకరి దగ్గర జీతానికి పోకూడదు. ముందే తెలిస్తే ఇంటర్వ్యూ కూడా జరగనివ్వదు. సిగ్నల్ హాల్లోనే, అత్తమ్మ చెవులు పక్కనే. ఇక నాకీ జన్మకు ఉద్యోగం లేదమ్మా అని ఫోనులో ఏడ్చేశాను. మామ ఆ రోజు కారును ఎక్కడ గుద్దాడో కానీ వీధి అదిరేలా అరిచాడు.

శుక్రవారం భోజనమయ్యాక మామ కునుకు తీస్తున్నాడు. దొప్పలు టీవీ పక్కన ఉన్నాయి. అవి పెట్టుకుంటే కాలేజీవాళ్లు మెల్లగా మాట్లాడినా వినపడుతుంది కదా అని తీసి నొక్కాను. లైటు వెలగలేదు. చార్జింగ్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కొంగులో దాచుకుని యేసుప్రసాద్ షాపుకు పరిగెత్తాను. అతను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ఇవి పలకవక్కా. లోపల బ్యాటరీ పోయి శానా నాళ్లాయ. మార్చి ఇస్తానంటే మామ వద్దన్నాడు. టీవీ సౌండు తీసేయించి, చెవుల మెత్తలు మాత్రం కొత్తవి వేయించుకొని పోయినాడు."

"మరి ఆయనకు వినపడేదెట్లా?"

"నేనూ అదే అడిగినా. ఇనేదానికి కాదులేప్పా, పెట్టుకొనేదానికి అన్నాడు."

ఇంటికి నడిచిన దారి పొడుగునా ఇన్నాళ్లూ నేను ఆ కిటికీ దగ్గర అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒళ్లు మండిపోయింది. హాల్లో మామ లేచి కూర్చుని, చెవులు తడుముకుంటూ దిక్కులు చూస్తున్నాడు. నేను దొప్పలు ఆయన ముందు పెట్టి, ఇవి పని చేయవంట గదా మామా అన్నాను.

ఆయన వంటింటి వైపు చూశాడు. తర్వాత నేనెప్పుడూ వినని ఒక గొంతుతో మాట్లాడాడు. ఎంత మెత్తని గొంతో.

"మెల్లగా తల్లీ. మీ అత్తకు ఇనపడుతుంది."

"అన్నీ విన్నారా?"

"ఇంతే గదా ఇల్లు. చెవులు యాడ దాచుకోవాల? పోనీ లేచి పోదామంటే, మీ అత్త వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాది. నువ్వు మీ అమ్మతో మాట్లాడేది యాడ?"

"పాత బస్సు అన్నది కూడానా?"

"డొక్కు బస్సు అన్నావు. మీ అమ్మ నవ్వింది గూడా ఇనపడింది."

"మరి ఆ అరుపులెందుకు మామా?"

"నువ్వు మీ అత్త పేరెత్తినప్పుడల్లా ఒకటి అరుస్తాండా. నీ మాట వంటింట్లోకి పోకూడదు గదా. చెవులకు దొప్పలు లేకుండా ఊరికే అరిస్తే పిచ్చోడనుకుంటారు."

నా కోపం సగంలోనే ఆగిపోయింది. అత్తమ్మ అనగానే ఆయన ధన్ మనడం, పులుసు అనగానే కీచుమనడం అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన గోడ గడియారం వైపు చూపించి, టైమైంది, తలుపేసుకో, వంటింటి సంగతి నేను చూసుకుంటా అన్నాడు.

పలకని దొప్పలు తగిలించుకుని, చేతిలో రిమోట్ పట్టుకుని, టీవీని నా దగ్గరే వదిలేసి మామ వంటింట్లోకి పోయాడు. అత్తమ్మ మురుకులు వేయిస్తోంది. టీవీ హాల్లో ఉంటే ఈడ ఎవరితో ఆడుతాండావయ్యా అని అడిగింది. వైరు లేనిది గదా, యాడైనా ఆడుతుంది అని మామ జవాబు. ఆ వెంటనే రేసు మొదలైంది. ఆయన మురుకుల పళ్లెం చుట్టూ మలుపులు తిరిగాడు, నూనె డబ్బాకు దారి ఇచ్చాడు. అత్తమ్మ జల్లిగరిటె పట్టుకుని అంతకంటే గట్టిగా తిట్టింది.

హాల్లో నా ఇంటర్వ్యూ. తలుపు మూసినా గోల ఆగలేదు. ఏమిటమ్మా ఆ గోల అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. నాకు అబద్ధం తోచలేదు. మా మామగారు రేసులో ఉన్నారు సార్ అన్నాను. ఎన్నో స్థానంలో ఉన్నారని అడిగారు. ఎప్పుడూ ఆఖరే సార్ అన్నాను. అవతల ఫోను చుట్టూ కూర్చున్న ముగ్గురూ నవ్వారు. ఏదైనా ఒక పాఠం చెప్పమన్నారు. వెనక ఇంజను, అత్తమ్మ తిట్లు, వాటి మీద నా ఆవర్తన పట్టిక. పూర్తయ్యాక ప్రిన్సిపాల్ గారు, ఇంత మోతలో తడబడకుండా చెప్పావంటే మా ఫస్టియర్ క్లాసు నీకు ఒక లెక్క కాదు, సోమవారం వచ్చి చేరమ్మా అన్నారు.

పని దొరికింది. అత్తమ్మకు చెప్పేదెవరు? ఆ మాట వినగానే మా ఆయనకు నంద్యాలలో అర్జెంటు సరుకు గుర్తొచ్చింది. మామ మాత్రం దొప్పలు తీసి టీవీ పక్కన పెట్టి, పెరట్లో గోంగూర వలుస్తున్న అత్తమ్మ పక్కన పోయి కూర్చున్నాడు.

"నాగరత్నా" అన్నాడు. అదే మెత్తని గొంతు.

అత్తమ్మ తలెత్తింది. ఒళ్లోని గోంగూర జారి కిందపడింది. చేత్తో ఆయన నుదురు చూసింది, గుండె మీద చెయ్యి పెట్టింది.

"ఏమైందయ్యా నీకు? నొప్పేమన్నా ఉండాదా? శ్రీవిద్యా, ఆటో పిలువు" అని నన్ను కేకేసింది.

"నాకేం కాలేదు. ఒక మాట అడగాల" అన్నాడు మామ, ఇంకా మెల్లగా.

"అడుగయ్యా. ఏదైనా అడుగు."

"కోడలికి డోన్ కాలేజీలో పాఠాలు చెప్పే పని వచ్చింది. పోనియ్యి."

"అంతేనా? పోనీ, పోయి చెప్పుకోనీ. నేనేమన్నా పట్టుకుంటినా?" అత్తమ్మ ఇంకా ఆయన గుండె మీది చెయ్యి తీయలేదు. "నువ్వు ముందు ఒక్కసారి గట్టిగా అరువు."

మామ నా వైపు చూశాడు. ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"నాగరత్నా, నా దొప్పలు యాడ పెట్టినావే?"

గోడ అవతల రాహేలమ్మ ఇంటి కోళ్లు లేచి ఎగిరాయి. అత్తమ్మ హమ్మయ్య అని కిందపడిన గోంగూర ఏరుకోవడం మొదలుపెట్టింది.