పద్నాలుగు సంచులు

సాయంత్రం నాలుగైతే ఇప్పటికీ నా మోకాళ్లు లాగుతాయి. ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్లయిందని వాటికి ఎవరూ చెప్పలేదు కాబోలు. పెనుకొండలో సిస్టర్లు నడిపే క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో నేను ఒకటో తరగతి టీచర్నిగా పనిచేశాను. చెప్పిన పాఠాలకన్నా గేటు దగ్గర నిలబడిన గంటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. పొద్దున్నే ప్యాసింజర్ బండిలో పెనుకొండకు వచ్చి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లేదాన్ని. బండి ఐదున్నరకు. అదే నా కొంప ముంచింది. హెడ్మిస్ట్రెస్ సిస్టరమ్మది కేరళ. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి తప్పుల్లేకుండా మాట్లాడేది. "టీచర్, మీ రైలు ఐదున్నరకు కదా. అంతవరకు ఊరకే ఎందుకు కూర్చుంటారు? పిల్లలందరూ వెళ్లేవరకు గేటు మీరు చూడండి" అంది. మిగతా టీచర్లు తల దించుకుని నోటుబుక్కులు దిద్దుకుంటున్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. సరే సిస్టర్ అన్నాను. అది తొంభైల మధ్యలో. ఆ తర్వాత ఆ పని ఇంకెవరికీ మారలేదు.

ఆ బడిలో క్రైస్తవుల పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లు రైతుల పిల్లలు, బస్టాండు దగ్గర అంగళ్లు పెట్టుకున్నవాళ్ల పిల్లలు, దూదేకులవాళ్ల పిల్లలు. పొద్దున అందరూ ఒకే గొంతుతో పరలోక జపం చెప్పి, ఇంటికి పోయి ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకునేవాళ్లు. నేనూ అంతే. డిసెంబరులో బాలయేసుకు పశువులపాక కడితే, దాని మీద మంచు కోసం దూది తెచ్చేది పరుపులు కుట్టే ఒక దూదేకులాయన. పెనుకొండలో మంచు ఎవరు చూశారు గనక? అయినా ఏటా గోతాం నిండా దూది మోసుకొచ్చి, "ఈసారి జాస్తిగా కురిపిద్దాం సిస్టరమ్మా" అనేవాడు. ఆయన కూతురు నా క్లాసులోనే ఉండేది. ఆరేళ్ల పిల్ల.

ఆ పాపను ఇంటికి చేర్చేది ఒక ముసలి ఆటో ఆయన. పిల్లలు తాత అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. హిందూపురంలో సెకండ్ హ్యాండుకు కొన్న ఆ ఆటో వెనక కన్నడ అక్షరాలుండేవి. వాటిని చెరిపించడానికి దుడ్లు దండగని అట్లే వదిలేశాడు. అందులో పద్నాలుగు మంది పిల్లలు. ఒకరి ఒళ్లో ఒకరు, తాతకు అటొకరు ఇటొకరు, వెనక సామాను పెట్టేచోట ముగ్గురు. తప్పని సిస్టరమ్మకు తెలుసు, తాతకు తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. ఇంకో ఆటో పెట్టుకునే తాహతు ఎవరికీ లేదు.

ఆ పద్నాలుగు మందిని లెక్కపెట్టడమంటే గంప కింది కోడిపిల్లల్ని లెక్కపెట్టడమే. ఒకటి, రెండు అనేలోపు ఒకడి తల ఇంకొకడి చంక కిందికి పోయేది. ఎండలో నిలబడి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు తప్పిన రోజున నాకొక తెలివి పుట్టింది. పుస్తకాల సంచులన్నీ ఆటోకు బయటివైపు కొక్కేలకు వేలాడుతుంటాయి కదా. అవి కదలవు, గిల్లుకోవు, ఏడవవు. వాటిని లెక్కపెడితే సరిపాయె! పద్నాలుగు సంచులుంటే పద్నాలుగు మంది ఎక్కినట్టే. ఆటో కప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్!" అనేదాన్ని. ఆ దెబ్బ పడందే తాత ఆటో కదిలించేవాడు కాదు. "అయినాయా సంచులు?" అని నవ్వుతూ అడిగేవాడు. సిస్టరమ్మ ఇచ్చిన గేటు పుస్తకంలో పిల్లలు అనే గడిలో పద్నాలుగు అని రాసేదాన్ని. ఆ గడి ఒక్కరోజూ ఖాళీగా లేదని సిస్టరమ్మ మీటింగులో నన్ను మెచ్చుకుంది. నేను లెక్కపెట్టేది ఏమిటో ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది అనుకున్నాను.

ఇంకో రూలు కూడా నాదే. ఇంటి బెల్లు కొట్టాక మళ్లీ క్లాసుగదిలోకి ఎవరూ పోకూడదు. "పోతే కాళ్లు ఇరగ్గొడతా" అని బెదిరించి పెట్టాను. వాళ్ల క్షేమం కోసమే పెట్టాను, ఒట్టు.

పరుపులాయన కూతురికి చాక్‌పీసు ముక్కలంటే పిచ్చి. ఇంటి దగ్గర బండ మీద రాసుకుంటూ టీచరాట ఆడుతుందట. రోజూ బోర్డు దగ్గరికి వచ్చి "టీచర్, ఒక్కటి" అని ప్రాణం తీసేది. ఒకరోజు విసుగొచ్చి, "దసరా సెలవులకు పోయేటప్పుడు డబ్బాడు ఇస్తాలే, ఇప్పుడు పో తల్లీ" అన్నాను. ఆ మాట నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను.

సెలవులిచ్చే రోజు మూడింటికే బెల్లు కొట్టారు. మబ్బు కమ్ముకుంది. పిల్లలు కట్టు తెంచుకున్న దూడల్లా పరుగెత్తారు. తాత ఆటోకు పట్టా కట్టుకుంటూ, "వాన వచ్చేట్టుండాది టీచరమ్మా, బిరీన చూడు" అన్నాడు. చూశాను. పద్నాలుగు సంచులు. ఆ పాప సంచి ముందు కొక్కేనికే ఉంది, ఎర్ర గుడ్డతో వాళ్ల నాయన కుట్టింది. రెండు దెబ్బలు వేశాను. రైట్ అన్నాను. పుస్తకంలో రాశాను. బడి ఊడ్చే ఆయమ్మ గదులకు తాళాలు వేస్తున్న చప్పుడు వింటూ స్టేషనుకు బయల్దేరాను. పది రోజులు ఈ గేటు మొహం చూడక్కర్లేదు కదా దేవుడా అనుకున్నాను, అది మాత్రం బాగా గుర్తుంది.

స్టేషన్లో సిమెంటు బెంచీ మీద కాళ్లు చాపుకుని బండి కోసం చూస్తుంటే, ఐదు కావొస్తుండగా పరుపులాయన ఎవరిదో మోపెడ్ అడుక్కుని వచ్చాడు. చెప్పులు లేవు. గడ్డానికి దూది అంటుకుని ఉంది.

"టీచరమ్మా, మా పాప ఇంటికి రాలేదు. సంచి ఒక్కటే వచ్చింది. దోవలో యాడన్నా దిగిందేమో అంటాండారు."

సంచి ఒక్కటే వచ్చింది అన్నప్పుడే నాకు తెలిసిపోయింది. ఆయన వెనక మోపెడ్ ఎక్కి బడి దగ్గరికి వచ్చేదాకా, నేను చెప్పేలోపే పాప దొరికిపోవాలి స్వామీ అని మొక్కుకుంటూ వచ్చాను.

గేటు దగ్గర ఇరవై ముప్పై మంది ఉన్నారు. పాప మేనమామ తాత చొక్కా పట్టుకుని ఉన్నాడు. తాత అదే మాట మళ్లీ మళ్లీ చెప్తున్నాడు. "సందుసందుకూ నిలిపి దింపుకుంటా పోయినానప్పా. ఆఖరున చూస్తే సంచి ఉండాది, పిల్ల లేదు. ఎవరింట్లోనన్నా దిగిందేమోనని పదమూడు ఇండ్లూ తిరిగి వచ్చినా."

సిస్టరమ్మ గేటు పుస్తకం చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "టీచర్, ఆటో వెళ్లేటప్పుడు మీరు లెక్కించారా?"

"లెక్కపెట్టినా సిస్టర్. పద్నాలుగు."

అది అబద్ధం కాదు. అంతకన్నా పాపిష్టి మాట నా జన్మలో ఇంకోటి అనలేదు. ఉద్యోగం పోతుందనా? అదీ కొంత ఉంది, నాయన మగ్గం అప్పటికే పడకేసింది. కానీ అసలు సంగతి సిగ్గు. అంతమంది ముందు, మీటింగులో మెచ్చుకున్న మనిషి ముందు, నేను పిల్లల్ని చూడలేదు సంచుల్ని చూశానని చెప్పడానికి సిగ్గు.

తాత నా వైపు చూశాడు. ఇప్పుడు చెప్తుందిలే అన్నట్టు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను.

"టీచరమ్మ పద్నాలుగు మందిని ఎక్కిచ్చింది, నువ్వు యాడ పోగొట్టినావు చెప్పు!" అని మేనమామ తాత చెంప మీద కొట్టాడు. ముసలాయన కళ్లద్దాలు కింద పడ్డాయి.

నా మాటతో అందరూ బయటికే పరుగెత్తారు. బడిలోంచి పద్నాలుగు మంది వెళ్లినట్టు టీచరే చెప్పాక, బడిలో ఎవరు వెతుకుతారు? కొందరు బస్టాండుకు, కొందరు రైలు పట్టాల వైపు పోయారు. మిగతావాళ్లు కోట కిందున్న పాత బావి దగ్గరికి. ఆటో దారి దాని పక్క నుంచే పోతుంది, దానికి గోడ లేదు. నేనూ వాళ్ల వెంట నడిచాను. అక్టోబరు జపమాల మాసం, చర్చి మైకులో దేవమాత జపం మొదలైంది. ఊరంతా ఆ శబ్దమే.

బావిలోకి బిందెలు తీసే కొక్కెం దించారు. తాడు బిగుసుకుంటే అందరూ ముందుకు వంగారు. పైకొచ్చింది పాత తట్ట. మళ్లీ దించారు. పరుపులాయన చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు.

"ఏమప్పా, నీకు ఈత వచ్చునా?" అని ఎవరో అడిగారు.

"రాదు" అన్నాడాయన. "ఆ ఇనుము మా పాపకు గుచ్చుకుంటాదప్పా. నేను చేతుల్తో చూస్తా." అని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పటికి గానీ నాకు నోరు రాలేదు. "దిగొద్దు! దిగొద్దన్నా!" అని అరిచాను. "నేను లెక్కపెట్టింది పిల్లల్ని కాదు, సంచుల్ని. పాప ఆటో ఎక్కిందో లేదో నాకు తెలీదు. బడిలో చూడండి, బడిలో చూడండి!"

నన్ను ఏమైనా అనడానికి ఎవరికీ తీరిక లేదు, అందరూ పరుగెత్తారు. ఆయమ్మ తాళంచెవులు రెండుసార్లు కింద పడేసింది. గదుల వరసలో చివరిది నాది. కిటికీలన్నీ సెలవులకని గడియలు వేసి ఉన్నాయి. తలుపు తీస్తే, బీరువా పక్క సందులో పాప కూర్చుని ఉంది. గౌను తడిసిపోయింది. ఒళ్లో చాక్‌పీసు ముక్కలు, మూతికంతా సుద్ద.

సంచి తగిలించి, నేనిస్తానన్న ముక్కల కోసం గదికి వచ్చింది. ఆయమ్మ అడుగుల చప్పుడు వినగానే, బెల్లు కొట్టాక గదిలో కనిపిస్తే టీచర్ కాళ్లు విరగ్గొడుతుందని బీరువా చాటుకు పోయింది. మూడింటి నుంచి పొద్దు గుంకేదాకా ఆ చీకట్లో ఉంది. అందులో చివరి గంటా పూర్తిగా నా పుణ్యం.

వాళ్ల నాయన ఎత్తుకుంటే మెడ పట్టుకుంది. అరిచి అరిచి గొంతు పోయింది. "టీచర్ రైట్ అనింది నాయనా, నాకు ఇనపడింది. నేను ఈడుండా, ఈడుండా అని పిలుస్తానే ఉన్నా" అంది. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు.

సిస్టరమ్మ నన్ను తిట్టలేదు. గేటు పుస్తకం తెరిచి, పాత పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పింది. ప్రతి పేజీలో నా పద్నాలుగులే. మూసేసి, "ఇంటికి వెళ్లండి టీచర్" అంది. తిట్టి ఉంటే బాగుండు.

బయట తాత ఆటో అంచున కూర్చుని విరిగిన కళ్లద్దాలకు దారం చుట్టుకుంటున్నాడు. "తాతా, తప్పు నాది" అన్నాను. ఏడుపొచ్చింది.

"పాప దొరికింది కదమ్మా, పోనీలే" అన్నాడు. దారం కొస పంటితో కొరికి అన్నాడు. "సంచుల మాట నేను చెప్పినా ఎవరు నమ్ముతారు టీచరమ్మా? అందుకే నువ్వు చెప్తావని చూసినా."

సెలవులయ్యాక సిస్టరమ్మ కొత్త పద్ధతి పెట్టింది. తాత ఏడుగురు ఏడుగురుగా రెండుసార్లు తిప్పాలి. ఎక్కే ప్రతి పిల్ల, ప్రతి పిల్లాడు నా చేతిలో చేయి వేసి ఎక్కాలి, నేను అప్పుడు లెక్కపెట్టాలి. నన్ను ఆ గేటు నుంచి తీసెయ్యమని అడిగాను. "మీకన్నా జాగ్రత్తగా ఇకపై ఎవరూ లెక్కించరు" అంది. రెండేసి ట్రిప్పులంటే ఇంకో గంట నిలబడడం. నిలబడ్డాను. డిసెంబరులో పరుపులాయన ఎప్పటిలాగే గోతాం దూది తెచ్చాడు. "బాగుండావా టీచరమ్మా" అని ఎప్పటిలాగే అడిగాడు. ఆయన మంచితనం నాకు చెంపదెబ్బకన్నా భారంగా ఉండేది.

పిల్లలందరూ నా చేతిలో చేయి వేసేవాళ్లు, వెచ్చగా, మురికిగా. ఆ పాప మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నన్ను తప్పించుకుని తాత పక్క నుంచి ఎక్కేది. మొదట్లో బతిమాలాను. డబ్బా నిండా చాక్‌పీసులు తెచ్చి ఇచ్చాను. తీసుకోలేదు. తర్వాత అడగడం మానేశాను.

ఐదో తరగతి ఆఖరి రోజు దాకా అంతే. నా లెక్క రోజూ ఒకటి తక్కువగా ఆగిపోయేది. అప్పుడు తాత వెనక్కి తిరిగి, దారం చుట్టిన కళ్లద్దాల్లోంచి పాపను చూసి, "ఎక్కింది టీచరమ్మా, నేను చూసినా. రాసుకో" అనేవాడు.