గేటు మూసిన ఎండాకాలం

నేను అడవిలో టూరిస్టులను తిప్పే జిప్సీ నడుపుతాను. చంద్రపూర్‌కు ఉత్తరాన ఉన్న పులుల అడవికి చాలా గేట్లున్నాయి. అందులో ఒక చిన్న గేటు పక్క ఊళ్లో నా బండి ఉంటుంది. మా ఇల్లు మాత్రం చంద్రపూర్ టౌనులో, బాబుపేట్‌లో. మా బాపు తెలంగాణ నుంచి బొగ్గు బావిలో పనికొచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయాడు. సీజన్‌లో తెల్లారకముందే గేటు దగ్గర వరసలో నిలబడాలి కాబట్టి నేను ఆ ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను.

గది ఒక పెద్దావిడది. నేను పెద్దమ్మ అంటాను. ఆమె పుట్టిల్లు తెలంగాణ సరిహద్దు దగ్గర, విరూర్ వైపు, తెలుగు రైతుల ఇల్లు. చిన్న వయసులోనే పెళ్లై ఈ మరాఠీ ఊరికి వచ్చింది. నేను దిగిన రోజు ఫోన్లో బాపుతో మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి విని, "నీది తెలుగా బిడ్డా" అని అడిగింది. అంతే, మళ్లీ మరాఠీలోకి వెళ్లిపోయింది. తెలుగు మాట్లాడి నలభై ఏళ్లైందట, నోరు తిరగదట. ఆమె కోడలు గైడు. అడవిలోకి వెళ్లేటప్పుడు నా బండిలో ముందు సీట్లో కూర్చునేది ఆవిడే.

ఆ ఊళ్లో పొలాలకన్నా పులుల మీద బతికేవాళ్లే ఎక్కువ. ఒకరిది జిప్సీ, ఒకరు గైడు, ఒకరు రిసార్టులో వంట, ఇంకొకరు గేటు ముందు టోపీలు అమ్ముతారు. చంద్రపూర్ ఎండలు మండేకొద్దీ పులులు నీళ్ల దగ్గరికి వస్తాయి, పులుల వెంట జనం వస్తారు. సరిగ్గా ఆ సమయంలోనే కరోనా వచ్చి గేటుకు తాళం పడింది. పుణె నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన ఒక కుటుంబాన్ని నేనే వెనక్కి తిప్పి పంపాను. వాళ్ల చిన్నపాప పులి బొమ్మ టోపీ పెట్టుకుని నాకు చెయ్యూపింది.

నాలుగు రోజుల్లో తెరుస్తారనుకున్నాం. తర్వాత రోడ్లే మూసేశారు. బాబుపేట్ గంటన్నర దూరంలో ఉన్నా వెళ్లే దారి లేదు. పెద్దమ్మ కొడుకు బల్లార్‌పూర్‌లో పనిచేస్తాడు, అతనూ అక్కడే చిక్కుకుపోయాడు. వారం రోజులు నేను చేసిన పని ఒక్కటే, పొద్దున్నే లేచి బండి తుడవడం. ఎక్కడికీ పోని బండి అద్దంలా మెరిసేది.

ఎనిమిదో రోజు పెద్దమ్మ వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది. గేటుకు తాళం వేశారు గానీ ఇప్పచెట్టుకు వెయ్యలేదు కదా, రేపు నాతో రమ్మంది.

ఇప్పపూలు రాత్రి రాలడం మొదలుపెట్టి పొద్దెక్కేదాకా రాలుతూనే ఉంటాయి. ఊరి చేలగట్ల మీద ఉన్న చెట్లకు మనిషి మనిషికీ పాత హక్కులున్నాయి. పెద్దమ్మకు మూడు చెట్లు. టూరిజం వచ్చాక చాలామంది ఏరడం మానేశారు. ఆ ఏడు మాత్రం గైడులు, డ్రైవర్లు, రిసార్టు వంటవాళ్లు, అందరూ గంపలతో బయలుదేరారు. నడుం వంచి ఒక్కో పువ్వూ ఏరడం ఎంత కష్టమో నాకు మొదటిరోజే తెలిసింది. నేను ఒక గంప నింపేలోపు పెద్దమ్మ మూడు నింపింది. ఆ కుర్ర డ్రైవర్లందరి ముందూ నా వీపు మీద తట్టి, స్టీరింగు తిప్పినంత సులువు కాదని మరాఠీలో అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వారం రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

ఒకరోజు పొద్దున ఎలుగుబంటి వచ్చింది. ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. మాకు ముప్పై అడుగుల దూరంలో తుప్పల్లోంచి నల్లగా బయటికి వచ్చి, ముక్కెత్తి గాలి పీల్చింది. ఆరేళ్లుగా టూరిస్టులకు భయపడకండి, కదలకండి అని చెప్పినవాణ్ని. అదంతా బండిలో కూర్చుని చెప్పిన ధైర్యం. నేల మీద నిలబడేసరికి ఆ మాటలన్నీ మరిచి పరిగెత్తబోయాను. పెద్దమ్మ మాత్రం నన్ను వెనక్కి లాగి, చేతులు చరుస్తూ, ఇంటి ముందుకొచ్చిన మనిషితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"పో అయ్యా, పో. పొద్దుగాలనే అచ్చినవ్. నీ చెట్లు లోపల బొచ్చెడున్నయి, గివి మావి. మాకు ఇంత ఉంచి పో."

ఎలుగుబంటి కాసేపు చూసి, తుప్పల్లోకి తిరిగిపోయింది. అది పోయాకే నాకు అర్థమైంది, ఆమె మాట్లాడింది తెలుగు. ఆ మాటే చెప్పాను. పెద్దమ్మ చెట్టు మొదట్లో కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "మా అవ్వ గిట్లనే మాట్లాడేది ఎలుగుతోని. గది యాదికచ్చినట్టుంది" అంది.

ఆ రోజు నుంచి ఆమె నాతో తెలుగే మాట్లాడింది. మొదట్లో ఒక్కో మాట కోసం వెతుక్కునేది. దొరక్కపోతే మరాఠీ మాట పెట్టి, సాయంత్రం దాకా ఆలోచించి, అసలు మాట గుర్తొచ్చాక నా గది దగ్గరికి వచ్చి మరీ చెప్పి పోయేది. నేను ఫోన్లో బాపుతో కలిపితే ఇద్దరూ గంటసేపు మాట్లాడుకునేవాళ్లు, ఎక్కువగా తిండి గురించి.

వాకిలంతా ఇప్పపూలు ఎండబోశాం. వేసవి ముదిరాక ఊరంతా బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయింది. పక్క రిసార్టులో చిక్కుకున్న పనివాళ్లు యజమానికి ఫోన్ చేసి అడిగి, పచ్చిక మైదానం తవ్వి వంకాయ, బెండ వేశారు. ఈత కొలను పక్కన కాసిన మొదటి బెండకాయలు కోడలు సంచిలో పట్టుకొచ్చి మాకు చూపించింది. నా బండికీ పని దొరికింది. రేషన్ బియ్యం లోపలి గూడేలకు చేర్చడానికి పాస్ ఇచ్చారు. పైకప్పు లేని సఫారీ బండిలో, టూరిస్టులు కూర్చునే మెట్ల సీట్ల మీద బియ్యం బస్తాలు వరసగా కూర్చుని వెళ్లేవి. కోడలు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, నిశ్శబ్దంగా ఉండండి, చేతులు బయట పెట్టకండి అని వాటికి చెప్పేది.

రోడ్లు తెరిచిన రోజు బాపు బస్సెక్కి నేరుగా ఊరికి వచ్చాడు. కొడుకును చూడటానికి వచ్చానన్నాడు గానీ, అడిగింది మొదట పెద్దమ్మ ఇల్లెక్కడని. ఆమె ఇప్పపూలు నువ్వులతో దంచి లడ్డూలు చేసి పెట్టింది. ఇద్దరూ ఎన్నో ఏళ్ల చుట్టాల్లాగా పలకరించుకున్నారు.

వానలు తగ్గాక గేటు తెరుస్తామన్నారు. అంతకు రెండు రోజుల ముందు, దారులు ఎలా ఉన్నాయో చూడటానికి బండ్లను ఒకసారి ఖాళీగా తిప్పుకు రమ్మని అటవీ అధికారి చెప్పాడు. అప్పుడు కోడలు ముందుకొచ్చి ఒక మాట అడిగింది. మా ఊరి ఆడవాళ్లు టూరిస్టులకు అన్నం వండారు, దుప్పట్లు ఉతికారు, ఒక్కరు కూడా బండెక్కి అడవి చూడలేదు, ఖాళీగా ఎందుకు తిప్పడం అని. అధికారి సరేనని, మాస్కులు పెట్టుకోమన్నాడు.

మర్నాడు పొద్దున నా బండిలో ముందు సీట్లో కోడలు, వెనక పెద్దమ్మ, పక్కింటి వదినలిద్దరు, ఈ సంగతి విని మళ్లీ వచ్చిన మా బాపు. పెద్దమ్మ పెళ్లిళ్లకు తీసే ఆకుపచ్చ చీర కట్టింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లోపల గడ్డి మనిషెత్తు పెరిగి, దారి మీదికి వాలి ఉంది. జింకలు ఏడు నెలలుగా బండి చూడలేదు, మేము ఆగితే అవీ ఆగి మమ్మల్నే చూశాయి. చెరువు దగ్గర ఇంజను ఆపాను. పొగమంచులో నీళ్లు, నీళ్ల మీద పక్షులు. బాపు సీటు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ముప్పై రెండేండ్లు గీ నేల కిందనే పనిచేసిన. మీద గింత ఉందని ఒక్కడు చెప్పలే" అన్నాడు.

తిరుగుదారిలో పులి కనిపించింది. ఆడపులి, దారి పక్కన తడి ఇసుకలో పడుకుని ఉంది. వదినలు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. కోడలు అలవాటుగా గుసగుసగా దాని వయసు, దాని తల్లి సంగతీ చెప్పడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ముందుకు వంగి తేరిపార చూసింది.

"నువ్వు చెప్పేదేంది కోడలా. మొన్న ఎండాకాలంల ఇప్పచెట్టు కింద నా గంప దాటి పోయింది గిదే. ఆ చెవికి కోత చూడు."

బండిలో అందరం ఒక్కసారి ఆమె వైపు తిరిగాం. పులి వచ్చిన సంగతి మాకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే నువ్వు మర్నాటి నుంచి పూలు ఏరడానికి రావు కదా అంది. బాపు నవ్వాపుకోవడానికి మాస్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు. పులి లేచి, ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా గడ్డిలోకి నడిచిపోయింది.

ఆ తర్వాతి వేసవిలో కరోనా మళ్లీ ముదిరి గేటు మళ్లీ మూశారు. ఈసారి ఎవరూ ఖాళీ బండి తుడుస్తూ కూర్చోలేదు. చెప్పకుండానే గంపలు బయటికి వచ్చాయి. ఇప్పుడు టూరిస్టులు ఎప్పటిలాగే వస్తున్నారు, కానీ ఇప్పపూల రోజుల్లో మాలో సగం మంది పొద్దుటి సఫారీ వేరేవాళ్లకు ఇచ్చేసి చెట్ల కిందికి వెళ్తాం. ప్రతి ఏడూ గేటు తెరిచేముందు దారులు చూసే బండ్లలో ఊరి ఆడవాళ్లే కూర్చుంటారు. బండెక్కని ముసలమ్మ ఊళ్లో ఇప్పుడు ఒక్కతే మిగిలింది. పోయిన ఏడు రమ్మంటే, చీర మీద దుమ్ము పడుతుందని రాలేదు. ఈసారి పెద్దమ్మ తన పాత చీర ఒకటి ఆమెకు ముందే ఇచ్చి వచ్చింది.