ఇమానాలి అదిరాష్మాన్‌కు పొగ వేసిన వేసవి

జూరకాన్ పోయేముందు మొగుడితో అన్న ఆఖరి మాట "నా మొక్కల్ని చూసుకో" అని. ఆమె బతికున్నంత కాలం ఇమానాలి ఆమె మాట ఒక్కటీ వినలేదు. వద్దన్న గుర్రాన్ని కొన్నాడు, కొనమన్న ఆవును కొనలేదు. అందుకే ఈ ఒక్క మాటనైనా ఏ లోటూ లేకుండా వినాలనుకున్నాడు. మొక్కల కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

మొక్కలంటే తోటలో పెంచినవి కావు. ఇంటి వెనక పాత గొర్రెల దొడ్డిలో వాటంతటవే మొలిచిన అదిరాష్మాన్ గుబుర్లు. మోకాలెత్తు పెరుగుతాయి. సన్నగా చీలిన ఆకు, నలిపితే ముక్కు బద్దలయ్యే వాసన. ఎండలు ముదిరే ముందు తెల్లటి పూలు పూస్తాయి, పువ్వుకు ఐదు రేకులు, రేకుల మీద లేత పచ్చ ఈనెలు. తర్వాత మూడు అరల గుండ్రటి కాయ. దాన్ని నిప్పుల మీద వేస్తే గింజలు చిటపటలాడతాయి. ఆ పొగ జలుబుకూ దిష్టికీ, వచ్చి ఎంతకీ కదలని చుట్టాలకూ కూడా పనిచేస్తుందని కిజిల్ జార్ ఊళ్లో అందరి నమ్మకం. చలికాలంలో పైనున్నదంతా ఎండి విరిగిపోతుంది. వేరు మాత్రం మనిషి లోతున దిగి పడుకుని, మంచు కరగ్గానే అదే మోడులోంచి మళ్లీ లేస్తుంది.

దాన్ని కోయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు సలాం చెప్పాలి. ఎవరు పంపారో, ఎవరికి ఏం జబ్బో చెప్పుకోవాలి. ఆ తర్వాతే కొమ్మ విరవాలి. జూరకాన్ ఎప్పుడూ ఒకటే చెప్పుకునేది: "సలామలేకుం, పెద్దమ్మా. ఇమానాలి కోసం వచ్చాను. జబ్బు మొండితనం. తగ్గదని తెలుసు, అయినా కాస్త ఇవ్వు."

ఇమానాలి గుమ్మంలో కూర్చుని చాయ్ ఊదుకుంటూ, "కలుపు మొక్కకు సలాం కొట్టేదాన్ని కట్టుకున్నాను" అనేవాడు.

ఆమె పోయాక అతను ఆ కలుపు మొక్కకు ఇంటి పెద్దకు చేసే మర్యాదలన్నీ చేశాడు. దొడ్డి చుట్టూ కంచె కట్టాడు. కాలవ నుంచి పాయ తీసి నీళ్లు పెట్టాడు. చలి మొదలవగానే ఇంట్లో ఉన్న ఉన్ని పరుపులు కోసి మోళ్ల మీద కప్పాడు.

కోడలు బురుల్ ఆ పరుపుల వంక చూసి మామగారితో, "ఆతా, పురిటప్పుడు నన్ను కూడా ఇంత వెచ్చగా పడుకోబెట్టలేదు" అంది.

"నువ్వు అడగలేదు కదమ్మా."

"అది అడిగిందా?"

ఇమానాలి పరుపు అంచును మోడు కిందికి ఇంకాస్త దోపాడు.

ఇక మిగిలిన శత్రువు కాల్‌ముర్జా. ఊరి గొర్రెల్ని మేపేవాడు, ఇమానాలి ఈడువాడు. ఆ ఊళ్లో ఒక ఈడువాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, నొచ్చుకుంటే తప్పు నొచ్చుకున్నవాడిదే. మందకు ముందు నడిచే అతని గడ్డం మేక కంచె దగ్గరకొస్తే చాలు, ఇమానాలి రాయి విసిరేవాడు.

"నా మేక దాన్ని తినదురా. దానికి నీకంటే నాలుక బాగుంది."

"తినకపోతే తొక్కుతుంది."

"తొక్కితే ఏం పోయింది? నేనేం మీ అత్తగారిని తొక్కమన్నానా?"

మరో రాయి పడేది. ఆ మేక కొన్నాళ్లకు కంచె కనిపించగానే తల తిప్పుకుని, మందనంతా వెంటేసుకుని చుట్టుదారిన పోవడం నేర్చుకుంది.

మూడో వేసవికి దొడ్డి నిండా నడుమెత్తు గడ్డి లేచింది. అదిరాష్మాన్ మాత్రం దాని మధ్య పాలిపోయి, వంగిపోయి, మూడు నాలుగు పూలు పూసి ఊరుకుంది. ఇమానాలికి అన్నం సహించలేదు. ఇంత సేవ చేసినా చిక్కిపోతున్నాయంటే కారణం ఒకటే. దిష్టి తగిలింది. దిష్టికి మందు కూడా ఒకటే.

జీవితంలో మొదటిసారి అతను టోపీ సరిచేసుకుని మొక్క ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు.

"సలామలేకుం, పెద్దమ్మా. ఒక కొమ్మ కావాలి. ఎవరి కోసమంటే... నీ కోసమే."

కొమ్మ విరిచి, నిప్పుల పెనంలో వేసి, పొగను గుబురు గుబురుకూ తిప్పాడు. కంచె అవతల మంద ఆపుకుని చూస్తున్న కాల్‌ముర్జా నవ్వలేక నేలమీద కూలబడ్డాడు.

"ఒరేయ్, దాని కాలు విరిచి దానికే కట్టు కడుతున్నావా?"

ఇమానాలి పెనం పట్టుకుని కోపంగా లేచాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. అప్పుడే అతని చూపు కాల్‌ముర్జా కూర్చున్న చోట పడింది. గొర్రెలు కొరికి కొరికి బోడి చేసిన దారి పక్క నేల. గిట్టలకు పొడిపొడైన మట్టి, పెంటికలు. ఆ దరిద్రపు నేల నిండా అదిరాష్మాన్, తెల్లగా విరగబూసి ఉంది. కాల్‌ముర్జా ఒక గుబురుకు వీపు ఆనించుకుని మరీ నవ్వుతున్నాడు.

"దానికి ఎవరు నీళ్లు పెట్టారు?" అన్నాడు ఇమానాలి.

"నా గొర్రెలు. వాటికి తోచినట్టు." కాల్‌ముర్జా కళ్లు తుడుచుకున్నాడు. "చేదని దీన్నొదిలేసి మిగతా గడ్డంతా పీకి తింటాయి. దీనికిక అడ్డెవరున్నారు? నీ దొడ్డిలో గడ్డి దాని నోటికాడ కూడు లాక్కుంటోంది. జూరకాన్ ఏటా నా మందను పిలిచి మరీ లోపలికి తోలించేది. నువ్వు ఇంట్లో ఉంటే కదా తెలియడానికి."

ఇమానాలి పెనం కింద పెట్టి కంచె పీకడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి కంచె లేదు, కాలవ పాయ లేదు. కాని మంద రాలేదు. గడ్డం మేక, కంచె ఉండిన గీత దగ్గర నాలుగు కాళ్లూ బిగించి నిలబడింది. దాని వెనక గొర్రెలన్నీ ఆగిపోయాయి.

"పరువు గల మేక," అన్నాడు కాల్‌ముర్జా. "క్షమాపణ చెప్పు."

"మేకకా?"

"రాళ్లు నామీద వేశావా?"

ఇమానాలి ఇంట్లోకి వెళ్లి రొట్టె తెచ్చాడు. రెండు చేతులా పట్టుకుని మేక ముందు వంగాడు. "సలామలేకుం," అన్నాడు గొంతు తగ్గించి.

"వినపడలేదంటోంది."

"సలామలేకుం, తప్పయింది."

మేక రొట్టె తినేసింది, టోపీ అంచు కూడా కొరికింది, అప్పుడు లోపల అడుగు పెట్టింది. దాని వెనక మంద మొత్తం దొడ్డిలో పడింది. జూరకాన్ మొక్కల మీద గిట్టలు పడుతుంటే ఇమానాలి చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బురుల్ వచ్చి, "బాగానే తొక్కుతున్నాయి ఆతా, దిగులుపడకు" అని ధైర్యం చెప్పింది.

ఆ ఆకురాలు కాలమంతా, మంచు కరిగాక మళ్లీ, మంద వచ్చి పోయింది. ఎండలు ముదిరే ముందు దొడ్డి తెల్లబడింది.

కాల్‌ముర్జా దగ్గుతో వచ్చి కొమ్మ కావాలన్నాడు. ఇమానాలి మోకాళ్లమీద కూర్చున్నాడు.

"సలామలేకుం, పెద్దమ్మా. జూరకాన్ పంపింది."

ఆ పేరు పైకి అని ఎన్నాళ్లయిందో.

"జబ్బు చెప్పరా," అన్నాడు వెనకనుంచి కాల్‌ముర్జా. "దగ్గని చెప్పు."

"ఉండు. ముందు నాది చెప్పుకోనీ."

కాల్‌ముర్జా దగ్గు ఆపుకుని, కాస్త దూరం జరిగి నిలబడ్డాడు. మేక మాత్రం జరగలేదు. వచ్చి ఇమానాలి జేబులో మూతి పెట్టి రొట్టె కోసం వెతికింది. అతను దాన్ని తోలలేదు.