గురువారాల రౌటర్

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పకముందే అడిగే ప్రశ్న ఒకటే: "రౌటరెక్కడ?" కాలు విరిగి నేను ఆసుపత్రిలో ఉంటే చూడడానికి వచ్చి, నా కట్టు వంకైనా చూడకుండా గోడ మీద మెరుస్తున్న డబ్బా వైపు నడిచాడు.

ఆయన టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఎంక్వయిరీ సీట్లో కూర్చున్నాడు. ఎవరైనా పేరు చెబితే నంబరు చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక తెలిసింది, ఇంటర్నెట్‌లోనూ అదే పని జరుగుతుందని. మనం సైటు పేరు కొడితే దాని నంబరు వెతికిచ్చేదే డీఎన్ఎస్. కనెక్షనిచ్చిన కంపెనీ తన డీఎన్ఎస్‌నే మనకు అంటగడుతుంది. నచ్చకపోతే ఉచితంగా దొరికే వేరేది పెట్టుకోవచ్చు. ఇంకేం, కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

"కంపెనీవాళ్ళ ఎంక్వయిరీలో ఎవడో ఆవలిస్తూ కూర్చున్నాడమ్మా! నేనైతే మూడు సెకన్లలో చెప్పేవాణ్ణి."

"ఈ రోజుల్లో మూడు సెకన్లంటే చాలా ఎక్కువ బాబాయ్."

"మనిషికి ఎక్కువ కాదు!"

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూది ఉండగానే డాక్టరుగారి రౌటర్ వైపు వేలు చూపించి సైగలు చేశాడు. ఆయన పన్ను పీకాడు, ఈయన డీఎన్ఎస్ మార్చాడు.

ఆ చలికాలంలో మా పెదనాన్న పోయాడు. పెద్దమ్మ తలుపు వేసేసుకుంది. ఓదార్చడానికి ఎవరొచ్చినా "పడుకున్నాను, వెళ్ళండి" అని లోపల్నుంచే చెప్పేది. పరదాలు తీసేది కాదు. పెదనాన్న కళ్ళజోడు టీవీ పక్కన దుమ్ము పట్టిపోతోంది. పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఈమె కూడా ఆయన వెనకే వెళ్ళిపోతుందేమోనని మాకందరికీ బెంగ పట్టుకుంది.

ఒక గురువారం బాబాయి వెళ్ళి తలుపు కొట్టాడు.

"ఎవరూ?"

"నేనే వదినా. రౌటరెక్కడ?"

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

చుట్టాలందరూ దుమ్మెత్తిపోశారు. "అన్న పోయి నెలైనా కాలేదు, ఈయనకి డబ్బా గోల!" అన్నారు. నేనూ తిట్టాను. ఆయన చలించలేదు. ప్రతి గురువారం వెళ్ళి, రెండు నిమిషాల పనిని మూడు గంటలు చేసేవాడు. "పరీక్షించాలి వదినా, ఏదైనా పాట పేరు చెప్పు" అనేవాడు. ఆమె పెదనాన్నకిష్టమైన పాట చెప్పేది. ఇద్దరూ చివరిదాకా వినేవారు. తర్వాత ఆమె లేచి టీ పెట్టేది. మరిదికి ఇచ్చాక తనూ ఒక గుక్క తాగేది.

వారం తిరిగేసరికి ఇంటర్నెట్ మళ్ళీ నత్తనడక. "మళ్ళీ మార్చేశారు వెధవలు!" అంటూ బాబాయి హాజరు.

నాది కంప్యూటర్ ఉద్యోగమే. ఈ తతంగం శాశ్వతంగా సరిచేద్దామని ఒక మంగళవారం వెళ్ళాను. రౌటర్ చూస్తానంటే పెద్దమ్మ తలుపు తీసింది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ రౌటర్ రాసిపెట్టుకుంటుంది. ప్రతి గురువారం నాలుగింటికి ఉచిత డీఎన్ఎస్ పెట్టారు. దాదాపు ప్రతిసారీ ఏడింటికి మళ్ళీ కంపెనీదే పెట్టారు. రెండూ బాబాయి ఫోన్లోంచే!

ఫోన్ చేశాను. "బాబాయ్, కంపెనీది నువ్వే పెడుతున్నావా?"

"దాన్ని ముట్టుకోకు" అన్నాడు. "పలకరించడానికొస్తే మీ పెద్దమ్మ తలుపు తీయదు. రిపేరుకైతే తీస్తుంది. ఆ దిక్కుమాలిన కంపెనీ నంబరు కొట్టేటప్పుడు నా ప్రాణం ఎంత కొట్టుకుంటుందో నీకేం తెలుసు!" పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే పెద్దమ్మ టీ గ్లాసుతో నిలబడి ఉంది.

"కంపెనీవాళ్ళదే తప్పు పెద్దమ్మా" అన్నాను.

"చాల్లే. పోయిన వారం మీ బాబాయి పాటల్లో పడి, వెళ్ళేటప్పుడు మళ్ళీ మార్చడం మర్చిపోయాడు. శుక్రవారం పొద్దున్న చూస్తే ఇంటర్నెట్ గుర్రంలా పరిగెత్తుతోంది. నా గుండె జారిపోయిందనుకో."

"మరేం చేశావ్?"

"డబ్బా కింద తను నంబర్లు రాసి అతికించిన చీటీ చూసి నేనే మార్చాను." గ్లాసు నా చేతిలో పెట్టింది. "మీ బాబాయికి చెప్పకేం. కంపెనీని తిట్టుకోనీ, పాపం."