రాజవ్వ పాట వెనక అడుగులు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి చాయ్ తాగడానికి కిందికి దిగిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఎవరికో ఎక్కడో ఏదో కనపడిందంటే నమ్మను. నేను నమ్మేది నా చెవులను. ఇది ఆ చెవులతో విన్నది కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల చివర్లో కరీంనగర్‌లో నాకు ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. కింద స్టీలు సామాన్ల దుకాణం, మేడ మీద నా గది. జనం వచ్చి తమకు కావలసిన పాటలు చెప్పి పోతే ఖాళీ క్యాసెట్లలో ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఊళ్లో అలాంటి దుకాణాలు ఇంకా ఉన్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం రికార్డింగ్ శుభ్రంగా ఉంటుందని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. గొప్పకు చెప్పడం లేదు. పాట విని, అది ఎక్కిన టేపు మంచిదో నాసిదో, టేపు తిప్పే డెక్‌లో హెడ్ తుడిచారో లేదో చెప్పేసేవాణ్ణి.

నా దగ్గర రెండు పెద్ద హెడ్‌ఫోన్స్ ఉండేవి. చెవిని మొత్తం కప్పేసే రకం. ఒకటి జపాన్‌ది. దుబాయ్ నుంచి వస్తూ మా చిన్నాయన కొడుకు తెచ్చాడు. రెండోది జర్మనీది. మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్ మూతపడినప్పుడు అక్కడ పనిచేసే స్నేహితుడు నాకోసం దాచి పంపాడు.

జపాన్‌ది పెట్టుకుంటే తలుపులన్నీ మూసిన గదిలో కూర్చున్నట్టు ఉండేది. దాని డొప్పలు వెనకవైపు మూసి ఉంటాయి, బయటి చప్పుడు లోపలికి రాదు. డప్పు దెబ్బ వచ్చి గుండెకు తగిలేది. సినిమా పాటలకు దాన్ని మించింది లేదు. కానీ మనిషి గొంతు మాత్రం గంగాళంలో తల పెట్టి పాడినట్టు కొంచెం ముద్దగా వచ్చేది.

జర్మనీది దానికి పూర్తిగా వేరు. డొప్పల వెనక మూత ఉండదు, సన్నటి జాలీ ఉంటుంది. చెవి చుట్టూ మఖ్మల్ మెత్త. కాసేపటికి తల మీద ఏదో ఉందన్న సంగతే మరిచిపోతాం. డప్పు తేలిపోయేది, ఒప్పుకుంటాను. కానీ పాడే మనిషి ఊపిరి తీసుకోవడం, గాజులు కదలడం కూడా తెలిసేది. వాకిట్లో అరుగు మీద కూర్చుని వింటున్నట్టు ఉండేది. జాలీలోంచి బయటి చప్పుళ్లు కూడా లోపలికి వస్తాయి. దానితో ఇంకో ఇబ్బంది అది.

వీటి మీద ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో పెద్ద వాదనలే జరిగేవి. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒక సార్ జపాన్ పక్షం, నేను జర్మనీ పక్షం. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలనని నేనంటే, "ఆ మెత్త తగిలితె ఎవనికైన తెలుస్తది" అని ఆయన కొట్టిపారేశాడు. నా కళ్లకు రుమాలు కట్టి, హెడ్‌ఫోన్స్ చెవులకు ఆనకుండా ఎత్తి పట్టుకుని, మార్చి మార్చి వినిపించాడు. నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రెండింటి చప్పుడు నాకు అరచేతిలా తెలుసు.

మా అక్కను శ్రీరాంపూర్ ఇచ్చాం. బావ రవీందర్‌కు బొగ్గు బాయిలో ఉద్యోగం. ఆయన తల్లి రాజవ్వ, నాకు అత్త వరస. ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంటే క్వార్టర్ల వాడ మొత్తం వచ్చి చేరేది. ఒక దసరాకు ముందు అక్క ఇంట్లో ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి పాడించి, చిన్న టేప్ రికార్డర్‌లో పట్టుకొచ్చాను. దానికి ఉన్నది ఒకే మైకు. అంటే మోనో రికార్డింగ్. ఎడమ, కుడి అనేవి దాంట్లో ఉండవు. రెండు చెవులకూ ఒకే చప్పుడు అందుతుంది కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో వింటే అంతా తల మధ్యలోనే వినిపిస్తుంది.

రాజవ్వ గురించి కొంచెం చెప్పాలి. ఆమె భర్త మల్లయ్య మగ్గం పని చేసేవాడు. బావ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండికి పోయాడు. మొదట్లో కబురు అందేది, తర్వాత అదీ ఆగిపోయింది. వెతకడానికి పోయినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. రాజవ్వ బీడీలు చుట్టి కొడుకును పెంచింది. ఎన్నేళ్లు గడిచినా బొట్టు తీయలేదు, పుస్తె తీయలేదు.

ఆ ఏడు బావ కొత్త ఇల్లు కట్టాడు. ఇంట్లోకి పోయే ముందు తండ్రికి కర్మ చేయాలని కులపెద్దలు పట్టుబట్టారు. ఆమె ముత్తైదువ కింద లెక్కా, కాదా తేల్చమన్నారు. రాజవ్వది ఒకటే మాట. "పీనుగను సూపియ్యుండ్రి, గప్పుడు తీస్త." తల్లిని ఏమీ అనలేక, పెద్దలకు ఎదురు చెప్పలేక బావ నలిగిపోయాడు. ఇల్లు తయారై కూడా తాళం వేసి ఉంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆ టేపును శుభ్రం చేసి ఇంకో క్యాసెట్‌కు ఎక్కిద్దామని కూర్చున్నాను. ఒంటరి గొంతు కాబట్టి జర్మనీది పెట్టుకున్నాను.

ఆమె ఒక చరణం ముగించి ఊపిరి తీసుకున్న చోట నాకు ఎడమ పక్క, కొంచెం దూరంగా, అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు గట్టిగా పడుతోంది. రెండోది నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. మళ్లీ ఒక అడుగు, ఒక ఈడ్పు. దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పాట సాగుతూనే ఉంది.

ఎడమ పక్కన మెట్ల తలుపు ఉంటుంది. జాలీలోంచి బయటి చప్పుడు వచ్చింది, ఎవరో పైకి వస్తున్నారు అనుకుని హెడ్‌ఫోన్స్ తీసి చూశాను. ఎవరూ లేరు. టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. అదే చరణం, అదే ఊపిరి, అవే అడుగులు.

జపాన్‌ది పెట్టుకుని విన్నాను. లేవు. స్పీకర్లలో విన్నాను. లేవు.

జర్మనీదాంట్లో ఒక పక్క తీగ పాడైందేమోనని ఎడమ డొప్ప కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి తిప్పి పెట్టుకున్నాను. లోపం హెడ్‌ఫోన్స్‌ది అయితే చప్పుడు ఇప్పుడు కుడి నుంచి రావాలి. ఎడమ నుంచే వచ్చింది. చివరికి కుర్చీని వెనక్కి తిప్పి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు ఎటు తిరిగితే చప్పుడు కూడా అటే తిరుగుతుంది. ఇది తిరగలేదు. మెట్ల తలుపు ఇప్పుడు నాకు కుడి పక్కన ఉంది. అడుగులు కుడి నుంచి వచ్చాయి.

అంటే ఆ చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో లేదు, గదిలో ఉంది. హెడ్‌ఫోన్స్ తీస్తే గదిలోనూ లేదు.

భయం వేసిందా అంటే, లేదు. కోపం వచ్చింది. నా పనిలో నాకు తెలియనిది ఒకటి వచ్చి కూర్చుందని కోపం. ఆదివారం సార్ రాగానే ఏమీ చెప్పకుండా ఆయన తలకు పెట్టాను. ఆ చరణం దగ్గర ఆయన తల తలుపు వైపు తిరిగింది. లేచి వెళ్లి తలుపుకు గడియ పెట్టి, వచ్చి మళ్లీ విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "శీనూ, గిది నేను ఎక్కడ చెప్ప. నువ్వు కూడ నా పేరు చెప్పకు" అన్నాడు. అందుకే ఆయన పేరు రాయడం లేదు.

మేమిద్దరం తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. అక్కకు చెప్పలేదు, బావకు చెప్పలేదు. ఈడ్చే కాలు ఎవరిదన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆ పాట పట్టినప్పుడు అక్క ఇంట్లో కుంటుతూ నడిచే మనిషి ఎవరూ లేరు.

ఆ తర్వాత కంటి డాక్టరుకు చూపించుకోవడానికి రాజవ్వ కరీంనగర్ వచ్చింది. పని అయ్యాక పగటిపూటే దుకాణం చూస్తానని మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది.

"నా గొంతు నేనెన్నడు ఇనలే. జర ఇనిపియ్యి కొడుకా," అంది.

నేను కావాలనే జపాన్‌ది చేతిలోకి తీసుకున్నాను. ఆమె దాన్ని పెట్టుకుని రెండు మాటలు విని, "గిదేంది, బాయిల నుంచి పాడినట్టున్నది" అని తీసేసింది. జర్మనీదానికేసి చేయి చూపించింది. దాన్ని ఆమె తలకు పెట్టి, టేపు మొదటి నుంచి తిప్పాను.

కళ్లు మూసుకుని, తొడ మీద చేత్తో తాళం వేస్తూ వింటోంది. తన పాటకు తానే చిన్నగా నవ్వుకుంటోంది. నేను డెక్ పక్కన నిలబడి ఉన్నాను, నాకు ఏ చప్పుడూ వినపడటం లేదు. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి ఆగిపోయింది. కళ్లు తెరిచి మెట్ల తలుపు వైపు చూసింది. తలుపు తీసే ఉంది. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

"ఏమైంది కాలుకు? గట్ల ఈడ్సుకుంట వస్తున్నవేంది?" అంది.

గట్టిగా అనలేదు. పనికి పోయి వచ్చిన మనిషిని ఇంట్లో ఆడవాళ్లు ఎలా అడుగుతారో అలా అడిగింది. అని, చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

నేను డెక్ ఆపుదామని చేయి చాపాను. ఆమె అటే చూస్తూ వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టింది. క్యాసెట్ ఒక పక్క మొత్తం అయిపోయి దానంతటదే ఆగేదాకా అలాగే కూర్చుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు తల ఊపింది. ఒకసారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి నా చేతికి ఇచ్చింది.

"మీ బావకు చెప్పు శీనూ. దినాలు చేద్దాం."

శ్రీరాంపూర్ వెళ్లాక ఎవరూ అడగకముందే తన పుస్తె తానే తీసింది. బావ ఏడ్చాడు. "ఎట్ల తెలిసిందే అవ్వా?" అని పదే పదే అడిగాడు. "తెలిసింది, గంతే. నువ్వు పరేషాన్ గాకు," అంది. దర్భలతో బొమ్మ చేసి గోదావరి ఒడ్డున కర్మ జరిపించారు. నేను కూడా వెళ్లాను. కొత్త ఇంటి తాళం తీశారు.

తిరిగి వచ్చాక ఆ టేపు పెట్టి విన్నాను. రాజవ్వ గొంతు ఉంది, ఊపిరి ఉంది, గాజులు ఉన్నాయి. అడుగులు లేవు. సార్ కూడా వచ్చి విన్నాడు. లేవు. హెడ్‌ఫోన్స్ అవే, డెక్ అదే, క్యాసెట్ అదే.

ఇంతటితో అయిపోతే మా ఇద్దరి చెవులు మోసపోయాయని నేను కూడా ఒప్పుకునేవాణ్ణేమో. కానీ కొన్ని నెలలకు సిరిసిల్ల వైపు నుంచి నర్సయ్య అనే ముసలాయన అక్క ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. భివండిలో మల్లయ్యతో కలిసి మగ్గాల మీద పనిచేసిన మనిషి. మల్లయ్య తన ఊరి పేరు అక్కడ ఎవరికీ చెప్పలేదట. ఏదో పెండ్లిలో రాజవ్వ సంగతి చెవినపడి వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"రోడ్డు దాటుతుంటె లారీ గుద్దింది వదినె. బొక్క సక్కగ అతకలే. ఇగ అప్పటిసంది కాలు..." అంటున్నాడు నర్సయ్య.

"ఎడమ కాలు గదా?" అంది రాజవ్వ.

"నీకెట్ల ఎర్క?" అన్నాడు నర్సయ్య.

రాజవ్వ ముందు నువ్వు చెప్పమన్నట్టు చేయి ఊపింది. ఆయన మిగతాది చెప్పాడు. కుంటికాలుతో ఇంటికి పోతే పెండ్లానికి ఇంకింత బరువవుతానని మల్లయ్య ఆగిపోయాడట. ఈ ఏడు పోతా, వచ్చే ఏడు పోతా అంటూనే ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. మగ్గాల దగ్గరివాళ్లే కలిసి కాల్చారు.

నేను విన్నది అడుగుల చప్పుడు. సార్ విన్నదీ అదే. ఒక కాలు ఈడుస్తున్నాడని దాన్నిబట్టి చెప్పవచ్చు. ఏ కాలన్నది మాత్రం ఎంత గొప్ప హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వినపడదు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అది చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇన్నేళ్లలో ఎందరికో చప్పుడు సంగతులు విడమరిచి చెప్పాను. దీన్ని మాత్రం నాకు నేనే చెప్పుకోలేకపోయాను. దయ్యమని అనను.

రాజవ్వను ఒక్కసారే అడిగాను, కొత్త ఇంటి అరుగు మీద ఆమె బియ్యం ఏరుతుండగా. ఆ టేపు అయిపోయేదాకా ఏం విన్నావత్తా అని. చాట పక్కన పెట్టి, నన్ను కింది నుంచి మీది దాకా చూసి, నవ్వింది.

"నువ్వు పాటలు ఎక్కిచ్చెటోనివి. మొగడు పెండ్లాల మాటలు నీకెందుకు కొడుకా?" అంది.