చెల్లి పాతిన తాటి టెంక

ఈరోజు రాజపాళయం మార్కెట్లో ఉడికించిన తేగలు చూసి, కొనలేక వచ్చేశాను. చిన్నప్పుడు పెరట్లో తాటి టెంకలు పాతి, తేగలు తవ్వుకుని తినేవాళ్ళం. ఒక ఏడు మా చెల్లి తన టెంకను మాత్రం చెట్టు కానివ్వమంది. ఆ తేగను నేనే దొంగతనంగా తవ్వి తినేశాను.

"అందరివీ వచ్చినాయి, నాది ఇంకా రాలేదేమక్కా?"

"నీళ్ళు పొయ్యి, వస్తాది."

"తాటికి ఎవరైనా నీళ్ళు పోస్తారా, పిచ్చిదానా" అని అమ్మ నవ్వింది. అయినా చెల్లి రోజూ చెంబుతో పోసింది. తనకు నిజం తెలుసేమోనని నాకిప్పటికీ అనుమానమే. ఆ వేసవిలో జ్వరంతో మంచం పట్టి, "నువ్వు పోస్తావా అక్కా?" అంది. కిటికీలోంచి చూస్తోందని పోశాను. తను చనిపోయాక కూడా, ఆ మట్టిలో ఏమీ లేదని తెలిసే, చాలా రోజులు పోశాను.